గుండ్లాట

మొన్న ఒక ఆదివారం పొద్దున మా ఇంటికి ఇద్దరు పిల్లలు వచ్చారు. ఏర్పేడు పక్కన ఉన్న పెద్ద చదువుల కాలేజీలో చదువుతున్నారట. ఒక అబ్బాయి, ఒక అమ్మాయి. ఇద్దరూ కలిసి మోస్తున్న అట్టపెట్టె మా ఇంటి బియ్యం డబ్బా అంత ఉంది. వీళ్ళెవరో నీళ్ళ ఫిల్టరు అమ్మడానికి వచ్చారనుకుని, "మాకు బోరు నీళ్ళే వొంటికి పడతాయమ్మా" అని తలుపు మూయబోయాను. ఆ అమ్మాయి తలుపుకు చెయ్యి అడ్డం పెట్టి, "తాతగారూ, గుండ్లాట కనిపెట్టింది మీరేనా?" అంది. తలుపు వదిలేశాను. ఆ పేరు బయటివాళ్ళ నోట విని ఎన్నేళ్ళయిందో! వాళ్ళ హాస్టల్లో వంట చేసే ఆవిడ సాయంత్రాలు వాళ్ళకు ఆ ఆట నేర్పించిందట. "చిత్తూరులో ప్రెస్సు పని చేసే ఆయనెవురో కట్టినాడంట, ఉండాడో పోయినాడో" అని కూడా చెప్పిందట. ఉన్నానని రుజువు చేయడానికి ఇద్దరికీ కాఫీ పెట్టించాను.

ఆ పెట్టెలో వాళ్ళు సొంతంగా తయారుచేస్తున్న ఆట ఉంది. చీట్లు, రంగురంగుల బిళ్ళలు, వేలెడేసి ప్లాస్టిక్ మనుషులు, పాఠ్యపుస్తకమంత మందాన నియమాలు. అన్నీ నేల మీద పరుస్తూ ఆ అబ్బాయి, "మీరు ప్లేటెస్టింగ్ ఎలా చేసేవారండీ?" అని అడిగాడు. అదేమిటన్నాను. ఆట కట్టాక నలుగురితో ఆడించి, ఎక్కడ పట్టుగా ఉందో ఎక్కడ జారిపోతోందో చూసుకోవడమట. "ఓ, ఆ పరీక్షా! అది మా అవ్వ పెట్టేది. దాంట్లో నేను చాలాసార్లు తప్పాను. తప్పడం బడిలోనే అలవాటైంది గనక పెద్దగా బాధపడలేదు" అన్నాను. పిల్లలు నవ్వారు. వాళ్ళు వెళ్ళిపోయాక ఆ రోజంతా నాకు కాలు ఒకచోట నిలవలేదు. ఎక్కడ కూర్చున్నా ముక్కుకు ప్రెస్సు సిరా వాసన, దాని వెనకే బెల్లం వాసన.

బెల్లం వాసన అంటే మా నాయన. చిత్తూరు బెల్లం మండీలో కాటా దగ్గర ఉండేవాడు. సాయంత్రం ఆయన కన్నా ముందు ఆయన వాసన మా వీధి మలుపు తిరిగేది. ఆ వెనక ఆయన, ఆయన వెనక చీమలు వచ్చేవని మా అమ్మ అనేది. విడిచిన పంచెను దండెం మీద వేస్తే అది మా ఇంటికి కాక ఈగలకు జెండా అయ్యేది. మనిషి ఒళ్ళంతా తీపి, మాట మాత్రం వేపాకు. కాటా మనిషి గనక ఊళ్ళో వాళ్ళతో మాటలు కూడా తూచి వేసేవాడు. నా వంతు వచ్చేసరికి మాత్రం ఎప్పుడూ మొగ్గు ఎక్కువ వేసేవాడు. నేను ఎనిమిదో తరగతిలో బడి మానేశాను. బడికీ నాకూ పడలేదు. విడిపోయాక ఇద్దరం సుఖంగా ఉన్నాం. మా నాయనకే ఆ సుఖం కనిపించలేదు.

వీధి చివర దొరసామి గారి ప్రెస్సులో కాలితో తొక్కే ట్రెడిల్ మిషను మీద నాకు పని దొరికింది. ప్రెస్సులో సీసం అక్షరాలు తిరగబడి ఉంటాయి. సూటిగా నిలబడ్డ అక్షరాలు బడిలో నన్ను ఏడిపించాయి గానీ, ఈ తిరగబడ్డ అక్షరాలు చూసిన రోజే నా మాట విన్నాయి. మా ఇద్దరిదీ ఒకే జాతి కాబోలు. దొరసామి గారికి నశ్యం అలవాటు. ప్రూఫును కంటితో కాక ముక్కుతో చదువుతాడేమో అన్నంత దగ్గరగా పెట్టుకునేవాడు. నశ్యం పలుకు రాలి కాగితం మీద పడితే, అక్కడ చుక్క పెట్టమన్నాడనుకుని నేను మళ్ళీ కంపోజ్ చేసిన రోజులున్నాయి. పెళ్ళి శుభలేఖలు, సినిమా కరపత్రాలు మాకు రోజువారీ కూడు. పండగ కూడు మాత్రం వైకుంఠపాళి పటాలు. నల్ల సిరా ఒక్కటే, పాములు వానపాముల్లా ఉండేవి, అయినా తిరుపతి అంగళ్ళ వాళ్ళు కట్టలు కట్టలుగా తీసుకుపోయేవాళ్ళు. కొండకు వచ్చినవాళ్ళు కుంకుమ పొట్లంతో పాటు ఒక పటం కూడా చుట్టుకుని ఊరికి పోయేవాళ్ళు.

ఆటలంటే నాకు తెలిసిన బడి మా అవ్వే. మధ్యాహ్నం సంగటి గిన్నెలు కడిగి బోర్లించగానే, మా అరుగు మీద అవ్వకూ పక్కింటి సెల్లమ్మత్తకూ దాయం ఆట మొదలయ్యేది. అరుగు బండ మీద గడులు సున్నంతో గీసి గీసి చెరగనంతగా పడిపోయాయి. గవ్వలు వేస్తే ఒకటి పడాలి, దాన్నే దాయం అంటారు. అది పడితేనే గింజ ఇల్లు దాటుతుంది. సెల్లమ్మత్త పుట్టిల్లు గుడియాత్తం వైపు. మామూలుగా తెలుగే మాట్లాడేది గానీ గింజ చచ్చినప్పుడు మాత్రం అరవంలో ఏడ్చేది. వాళ్ళు ఆట ఆడేది కొంచెం, పోట్లాడేది చాలా. "నీ గవ్వ బండ కింద పడింది, సెల్లదు" అని ఒకరు, "నీ కన్ను పడింది బండ కింద" అని ఇంకొకరు. పోట్లాట ముదిరి మాటలు ఆగిపోతే అవ్వ లోపలికి వచ్చి, "ఈ పొద్దు మంచి ఆట పడిందిరా" అని కాళ్ళు చాపుకుని మురిసిపోయేది. దాంట్లో ఎంత పెద్ద పాఠం ఉందో నాకు అప్పుడు తెలియదు.

ఒక ఏడు శివకాశి నుంచి రంగుల వైకుంఠపాళి దిగింది. ఎర్ర పాములు, పచ్చ నిచ్చెనలు, మెరిసే కాగితం. మా నల్ల వానపాములు ప్రెస్సు గదిలో కట్టలుగా నిద్రపోయాయి. దొరసామి గారు ముక్కు చీదుకుని, "ఏమప్పా రత్నం, రంగులో మనం వాల్లతో సరి తూగలేము. వాల్ల దగ్గర లేని ఆట ఏదన్నా ఉండాలప్పా. పెరటాసికి కావాల" అన్నాడు. పెరటాసి నెల శనివారాలంటే మా వైపు కొండకు దారి కనపడనంత జనం. నేను సిరా చేతులు తుడుచుకోకుండానే, "నేను కడతాను సార్" అన్నాను. నోరు అలా జారుతుంది నాకు. ఆయన నా మీసాన్ని పైనుంచి కిందికి చూసి, "కట్టు. అయితే ఒగ మాట. మొగమాటానికి ఒగసారి ఎవడన్నా ఆడతాడు. మీ ఇంట్లో వాల్లు, మీ నాయనతో సహా, నువ్వు ఆడమనకుండా రెండోసారి ఆడాల. అట్లయితేనే అచ్చేస్తా. నిన్ను ట్రెడిల్ కాడ నుంచి తీసి ఆటల పనికి పెడతా" అన్నాడు.

ఆ మాట విని గాల్లో నడుచుకుంటూ ఇంటికి పోతే, మా నాయన నేల చూపించాడు. రేణిగుంటలో మా చిన్నాయన ఒక గోడౌన్ చూసుకునేవాడు. అక్కడ మూటలు దింపించే పనికి నన్ను పంపిస్తానని ఆయనకు మాట ఇచ్చేసి వచ్చాడట.

"ప్రెస్సులో ఆటలు కడతాను నాయనా. దొరసామి సార్ ఒప్పుకున్నాడు" అన్నాను.

"ఆటలు కట్టేదానికి జీతమిచ్చే మొగోడు యాడన్నా ఉండాడా? సదువు ఆటలాడి పోగొట్టుకున్నావు, ఇంగ పని కూడా ఆటేనా?"

"ఒరే, పెరటాసి దాకా వాణ్ణి వదిలెయ్‌రా" అని అవ్వ అడ్డం పడింది. ఆయన తల్లి మాట కొట్టేయలేక, "పెరటాసి మొదటి శనివారం దాకా. ఆడికి కాకపోతే ఆదివారం రేణిగుంట బస్సు" అని తేల్చేశాడు. నాకు ఆ గోడౌన్ తెలుసు. ఒకసారి పోయి చూశాను. లోపల ఎండ ఉండదు, సిమెంటు దుమ్ము ఉంటుంది. అక్కడ నేను ఒక జోకు వేస్తే అది గోడకు తగిలి తిరిగి నా మీదకే వస్తుంది. అంతకన్నా పెద్ద శిక్ష నాకు లేదు.

మొదటి ఆట పేరు 'కొండకు పోదాం'. చిత్తూరు నుంచి కొండ దాకా దారి గీశాను. పూతలపట్టు కూడలిలో తప్పు బస్సు ఎక్కితే పీలేరుకు పోతారు, అది పాము. అలిపిరి దగ్గర బస్సు దొరికితే సరాసరి పైకి, అది నిచ్చెన. పైన కంపార్టుమెంటు గడిలో పడితే ఆట ఆగి కూర్చోవాలి. చివరి గడిలో స్వామి బొమ్మ. ఎంత బాగా వేశాననుకున్నారు! ఆ బొమ్మ వేసినప్పుడు నా చెయ్యి నాకే ముద్దొచ్చింది. పావులుగా చింతగింజలు. గింజ ఒక వైపు బండ మీద అరగదీసి, తెల్లటి చోట శుభలేఖలకు వాడే రంగు సిరాతో చుక్క పెట్టాను. అవ్వకు ఎరుపు, సెల్లమ్మత్తకు నలుపు, అమ్మకు పచ్చ. ముగ్గుర్నీ కూర్చోబెట్టాను. అలిపిరి దాకా బాగానే నడిచింది. అక్కడ అవ్వ గింజ సరిగ్గా నిచ్చెన కింద పడింది. అవ్వ కదల్లేదు.

"ఎక్కు అవ్వా, బస్సు" అన్నాను.

"బస్సు నేనెక్కనురా. నడిసి వస్తానని మొక్కుకోనుండాను."

"అది నిచ్చెనవ్వా. ఎక్కితే లాభం."

"లాభం ఎవురికిరా? మొక్కు తప్పితే ఆయనకి నువ్వొచ్చి సమాధానం చెప్తావా?"

"ఇది ఆటవ్వా!"

"ఆటైతే? ఆయన సూడ్డంలేదా?"

అవ్వ గింజ మెట్ల దారిన ఒక్కొక్క గడి నడుస్తూ, ప్రతి గడికీ ఒక గోవింద చెప్పుకుంటూ పోయింది. ఈలోపు సెల్లమ్మత్త కంపార్టుమెంటులో ఇరుక్కుంది. అయ్యో అంటుందనుకుని చూస్తే, కాళ్ళు సర్దుకుని కూర్చుని, "ఎంత సేపు కాచుకుంటే అంత మంచి దర్శనం వే" అంది. ఆమె వంతు తిరిగి వచ్చినా, "ఇంగా కొంచేపు ఉంటానప్పా" అని వదులుకుంది. నేను శిక్ష అనుకుని పెట్టినవన్నీ వీళ్ళకు వరాలు, వరం అనుకుని పెట్టింది పాపం! ఎలాగో చివరికి వచ్చారు. చివరి గడి ముందు ముగ్గురి గింజలూ వరసగా ఆగిపోయాయి. ఎవరికి ఏం పడినా ఎవరూ జరపరు. ఎందుకంటే, అమ్మ నన్ను చూసి కళ్ళెర్రజేసి, "చింతపండు చీకి ఉమ్మిన గింజరా అది. ఎంగిలి గింజ స్వామి మొగాన పెట్టమంటావా?" అంది. ముగ్గురూ ఆ పటానికి దండం పెట్టి, కళ్ళకద్దుకుని, తొక్కుళ్ళు పడకుండా దేవుడి గూట్లో పెట్టేశారు. నా ఆట గూట్లోకి పోయింది. "బాగుండాదిరా, భక్తిగా ఉండాది" అని అవ్వ నా తల నిమిరింది. నాకు ఏడుపొచ్చింది.

జరిగింది చెబితే దొరసామి గారు నశ్యం పొడి ఎగిరిపోయేలా నవ్వాడు. "భక్తి కావాలంటే గుడికి పోతారు కదప్పా. పటం ఎందుకు కొంటారు? వాల్లకి పోట్లాట యాడుండాదో ఎతుకు" అన్నాడు. వెతికాను. దారి మార్చాను, గడులు తగ్గించాను, దేవుణ్ణి తీసి గోపురం పెట్టాను, గోపురం తీసి ధ్వజస్తంభం పెట్టాను. ఏది పెట్టినా దండమే పెడుతున్నారు గానీ పోట్లాడరు. కొండ ఎక్కేటప్పుడు మా వాళ్ళు అంత మంచివాళ్ళయిపోతారని నాకు అంతకు ముందు తెలియదు. నాయన ఇంటికి వచ్చినప్పుడల్లా నేల మీద పరిచిన కాగితాల్ని చూసి, ఒక్క మాట అనకుండా దాటుకుని పోయేవాడు. తిట్టి ఉంటే కొంచెం ధైర్యంగా ఉండేది.

పెరటాసి దగ్గర పడుతుండగా నాయన తన మొక్కు తీర్చాలన్నాడు. అవ్వ కంటి ఆపరేషన్ బాగా జరిగితే ఆయనా నేనూ గుండు కొట్టించుకుంటామని ఎప్పుడో మొక్కుకున్నాడు. నా జుట్టు మీద మొక్కుకునే ముందు నన్ను అడగలేదు, అది వేరే సంగతి. పోయాం. కళ్యాణకట్టలో ఆయన ఒక వరసలో, నేను ఒక వరసలో కూర్చున్నాం. తల తేలికైపోయి, చెవుల వెనక గాలి కొత్తగా తగులుతుంటే బయటికి వచ్చి చూశాను. అన్నీ గుండ్లే! గంధం పూసిన గుండ్లు, తడి పంచెలు, చొక్కా లేని ఒళ్ళు. మా నాయనను నేను గుర్తుపట్టేది నూనె రాసి వెనక్కి దువ్విన ఆ క్రాపును బట్టి, బెల్లం మరకల చొక్కాను బట్టి. ఆ రెండూ తీసేస్తే ఆయన ఎలా ఉంటాడో నాకు తెలియదని అప్పుడే తెలిసింది. స్తంభం దగ్గర అదే ఎత్తు, అదే పొట్ట ఉన్న గుండు ఒకటి నిలబడి ఉంది. చెయ్యి పట్టుకుని, "పద నాయనా, కోనేటికి" అన్నాను. ఆ గుండు బుద్ధిగా నా వెంట వచ్చింది. అప్పుడైనా నాకు అనుమానం రావలసింది. మా నాయన ఎప్పుడు నేను చెప్పినట్టు విన్నాడు?

కోనేటి మెట్ల మీద ఆ గుండు నోరు తెరిచి కన్నడంలో ఏదో అడిగింది. నేను చెయ్యి వదిలేసి ఒక మెట్టు జారాను. అంతలో కిందనుంచి మా నాయన గొంతు, ఎక్కడున్నా గుర్తుపట్టే గొంతు, ఖంగుమని వినిపించింది. "ఆదివారం రేణిగుంటకి పోతావా, పోవా? నాలుగు గడులు గీసుకుంటే కడుపు నిండుతాదా? నిన్నే అడిగేది!" చూస్తే, మా నాయన ఎదురుగా నా వయసు గుండు ఒకటి చేతులు కట్టుకుని, ఒక్క ముక్క అర్థం కాకపోయినా, "ఆయ్తు... ఆయ్తు..." అని తల ఊపుతోంది. నా పక్కనున్న పెద్దాయన ఆ కుర్రాణ్ణి చూసి చేతులెత్తేశాడు. వాడు ఆయన కొడుకు! కోలారు నుంచి వచ్చారట. ఆ తండ్రి నాతో, ఆ కొడుకు మా నాయనతో. అక్కడే మెట్ల మీద మనుషుల్ని మార్చుకున్నాం. మా నాయన నన్నూ వాణ్ణీ మార్చి మార్చి చూశాడు. ఆ చూపులో, వీడికన్నా వాడే నయం అన్న మాట నాకు స్పష్టంగా కనిపించింది. పాపం, మారుమాట్లాడకుండా విన్నాడు కదా. నేను నవ్వడం మొదలుపెట్టాను. ఆగలేదు. కోలారాయన నవ్వాడు, వాళ్ళబ్బాయి నవ్వాడు. మా నాయన నవ్వకుండా నీళ్ళలో మునిగి చాలాసేపు బయటికి రాలేదు. లోపల ఏం చేశాడో నాకు ఇప్పటికీ తెలియదు.

ఇంటికి వచ్చేసరికి అవ్వ నా చింతగింజల్ని చేటలో పోసి పెట్టింది. అరగదీసిన తెల్ల వైపు కిందికి, చర్మం వైపు పైకి. గోధుమరంగు, నున్నటి వీపులు, ఒకదానికొకటి తేడా లేకుండా తళతళా మెరుస్తూ. గుండ్లు! చేట నిండా గుండ్లు! నేను చెప్పులు విడవకుండానే ఎగిరి గంతేసి, "దొరికింది అవ్వా!" అని అరిచాను. "ఎవురు తప్పిపోయినారురా?" అంది అవ్వ కంగారుగా. "అందరూ తప్పిపోతారవ్వా, అందరూ!" అన్నాను.

ఆట అంతా తిరగేశాను. కొండ ఎక్కడం ఆట కాదు, ఇంటికి రావడం ఆట. ఒక్కొక్కరికీ నాలుగేసి గింజలు. ఎక్కేటప్పుడు ఎవరి గింజకు వాళ్ళ రంగు కనిపిస్తుంది. కళ్యాణకట్ట గడిలో గింజను బోర్లించాలి, గుండు అవుతుంది. తర్వాత కోనేరు. కోనేట్లో ఎవరి గింజ దిగినా, అక్కడున్న గుండ్లన్నిటినీ వేలితో గిర్రున ఒక మునక తిప్పాలి. ఆపైన ఎవరి మనిషి ఎవరో వాళ్ళే గుర్తుపట్టి, గింజను ఎత్తకుండా వేలితో జరుపుకుంటూ ఇంటికి తెచ్చుకోవాలి. ఇల్లు చేరాకే తిప్పి చూడాలి. మన రంగైతే సరే. వేరే వాళ్ళ ముసలాయన్ని తెచ్చుకుని ఉంటే మళ్ళీ కోనేటి దాకా తీసుకుపోయి వదిలిపెట్టి రావాలి. తన మనుషులందర్నీ ముందు ఇంటికి చేర్చినవాళ్ళు గెలిచినట్టు. దర్శనం అందరికీ అవుతుంది, దాంట్లో ముందూ వెనకా లేదు. స్వామి బొమ్మ వేయనే లేదు. దేవుణ్ణి ఆటలోంచి తప్పించాక మా వాళ్ళలోని మనుషులు బయటికి వచ్చారు.

అవ్వా, సెల్లమ్మత్తా, అమ్మా ఆడి చూశారు. మునక తిప్పగానే ముగ్గురి తలలూ పటం మీదికి వంగాయి. అయితే అవ్వ ఒక్కసారి కూడా తప్పు మనిషిని తేలేదు. ఇదేమిటని అవ్వ గింజల్ని వెలుతురులో పెట్టి చూస్తే, ప్రతి గుండు మీదా గోటితో గీసిన సన్నటి గీటు! "గుండు కొట్టేటప్పుడు తెగింటాది లేరా" అంది, కొత్త కంటిని అమాయకంగా ఆర్పుతూ. నేను నీరుగారిపోయి దొరసామి గారికి చెప్పాను. ఆయన బల్ల మీద చరిచాడు. "దొంగాట పుట్టిందంటే నీ ఆటకి పానం వచ్చిందప్పా! దాన్ని ఆపొద్దు, ఆటలోకి ఎత్తుకో" అన్నాడు. అలా ఇంకో నియమం పుట్టింది: ఎదుటివాళ్ళ గుండు మీద గీటు ఉందని ఎవరైనా పట్టుకుంటే, ఆ గింజ తిరిగి అలిపిరికి. ఆ తర్వాత అవ్వ గీట్లు పెట్టడం మానలేదు, దొరక్కుండా పెట్టడం నేర్చుకుంది.

పెరటాసి మొదటి శనివారం వచ్చింది. పొద్దున్నుంచి ఒక్కపొద్దు. ఇల్లంతా తులసి, పొంగలి, కర్పూరం వాసన. స్వామికి తళిగ నైవేద్యం పెట్టి తిన్నాక, సాయంత్రం ఎండ అరుగు దిగుతుండగా అవ్వ పటం పరిచింది. అమ్మ, సెల్లమ్మత్త కూర్చున్నారు. నాలుగో చోటు ఖాళీ. మర్నాటికి నా పెట్టె సర్ది నడవలో పెట్టి ఉంది. అవ్వ తలెత్తకుండా, "ఒరే, రా. మనిషి తక్కువుండాది" అంది కొడుకుతో. నాయన, "నాకు రాదు" అన్నాడు. "నీ కొడుకు అనుకోని ఇంగొగన్ని తిట్టినోడివి, నీకన్నా బాగా ఎవురికొస్తాదిరా" అంది. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నాయన కూర్చున్నాడు. నీలం చుక్క ఆయనది.

ఆయన ఆడిన తీరు చూడాలి! గవ్వల్ని కాటాలో బెల్లం దిమ్మ పెట్టినంత మెల్లగా వేసేవాడు. కోనేట్లో సెల్లమ్మత్త వేలు తిప్పుతుంటే ఆయన కనుగుడ్లు కూడా గిర్రున తిరిగాయి. తన మనిషి ఇతనేనని ఒక గుండును ఎంచుకుని, పూతలపట్టు మీదుగా ఎంతో భద్రంగా ఇంటికి తెచ్చి తిప్పాడు. నల్ల చుక్క.

"అది మా వీట్టుకారు!" అని సెల్లమ్మత్త చప్పట్లు కొట్టింది. "మా ఆయన్ని తీసుకోని యాడికి పోతావన్నా?"

"నీ మొగుడని నాకేం తెలుసమ్మా? పిలిస్తే వచ్చినాడు!"

"పిలిస్తే వస్తాడు, మంచోడు. తీసుకపోయి యాడ తీసినావో ఆడ వదులు."

"ఇది అన్యాయం. నువ్వు తిప్పేటప్పుడు రెండు సుట్లు ఎక్కువ తిప్పినావు. నేను సూసినాను."

"నువ్వు సూసింటే నీ మనిషి నీకు తెలియాల కదా!"

అమ్మ పకపకా నవ్వింది. మా అమ్మ నాయన ముందు అంత గట్టిగా నవ్వడం నేను అంతవరకు వినలేదు. నాయన సెల్లమ్మత్త మొగుణ్ణి తిట్టుకుంటూ కోనేటి దాకా వెనక్కి నడిపించాడు. ఈలోగా అవ్వ తన వాళ్ళందర్నీ ఇంటికి చేర్చేసి, "గోవిందా" అని చేతులు దులుపుకుంది. నాయన అవ్వ గింజ ఒకటి లాక్కుని, గీటు కోసం వెలుతురుకు పెట్టి తిప్పి తిప్పి చూశాడు. దొరకలేదు. లేచాడు. కండువా దులిపి భుజాన వేసుకున్నాడు. పెరట్లోకి పోయాడు. తొట్టిలో నీళ్ళు ముంచుకున్న చప్పుడు. నేను స్తంభానికి ఆనుకుని నిలబడిపోయాను. నోరు తెరిచి ఒక్క మాట అన్నా, ఆడమన్నట్టే అవుతుంది. పుట్టి బుద్ధెరిగాక నేను అంతసేపు మాట్లాడకుండా ఉన్నది అప్పుడే.

నాయన ముఖం తుడుచుకుంటూ వచ్చాడు. అరుగు మీద ఆడవాళ్ళు అప్పుడే గింజలు పంచుకుంటున్నారు, ఆయన్ని పిలవకుండానే. ఆయన ఆ మూడు వాటాల్నీ చూశాడు. పాత చోటే కూర్చుని, చెయ్యి చాపి, "నా మనుషులు యాడ?" అన్నాడు. "నా మనుషుల్ని నాకియ్యండి."

నేను చెప్పుల్లేకుండా దొరసామి గారింటికి పరుగెత్తాను.

మొన్న ఆ కాలేజీ పిల్లలు తమ ఆట గురించి చెబుతుంటే, నాకు సగం అర్థం కాలేదు గానీ వాళ్ళ కళ్ళు మాత్రం బాగా అర్థమయ్యాయి. చీటీ ఒకటి తిప్పి ఇద్దరూ "అది చెల్లదు" "చెల్లుతుంది" అని వాదులాడుకుంటుంటే, అరుగు మీద ఎన్నిసార్లు విన్నానో ఆ మాట! వాళ్ళకు బొమ్మలు వేయడానికి యంత్రాలున్నాయి, నియమాలు వివరించడానికి వీడియోలున్నాయి. నాకు ఉన్నదల్లా సిరా, చింతగింజలు. కానీ కష్టం ఏమిటని అడిగితే ఆ అమ్మాయి, "నలుగురు ఒకేసారి ఖాళీగా దొరకడమే తాతగారూ" అంది. ఆ కష్టం నేను పడలేదు. మా అరుగు మీద నలుగురు ఎప్పుడూ ఉండేవాళ్ళు. ఆట వాళ్ళ దగ్గరికి పోయి కూర్చుంటే సరిపోయేది. నా గొప్పలో సగం ఆ అరుగుదే.

మళ్ళీ ఆ రోజుల్లోకి వస్తే, పటం అచ్చయింది. మా చేతకాని నల్ల సిరానే. అయినా ఆ పెరటాసిలో తిరుపతి అంగళ్ళ వాళ్ళు మళ్ళీ మా గుమ్మం ఎక్కారు. ఆదివారం రేణిగుంట బస్సు నేను ఎక్కలేదు, నాయన ఎక్కాడు. తమ్ముడికి ఇచ్చిన మాట వెనక్కి తీసుకోవాలి కదా. అక్కడ ఏం చెప్పాడో, ఎలా చెప్పాడో మాకు చెప్పలేదు. కొన్నాళ్ళకు మా చిన్నాయన సిమెంటు దుమ్ముతోనే బస్సు దిగి, రొప్పుకుంటూ మా ఇంటికి వచ్చాడు. అప్పుడే మండీ నుంచి వచ్చిన నాయన అరుగు మీద కూర్చుని ఉన్నాడు.

"ఏమిరా రత్నం, మీ నాయన ఏం పని చేసినాడో తెలుసునా? ఆ పొద్దు గోడౌన్ నేల మీద సుద్దముక్కతో నీ ఆట గీసి పెట్టి వచ్చినాడు. లారీలు నిలబడుకోనుంటే హమాలీలు గుండ్లు ఎతుక్కుంటా ఉండారు!"

పని పాడైందని కొట్టడానికి వచ్చాడనుకుని నేను ఒక అడుగు వెనక్కి వేశాను. "చెరిపేయమని చెప్పు చిన్నాయనా" అన్నాను.

"చెరిపేదెవురప్పా? నా ముసిలోడు హమాలీ మేస్త్రీ ఇంట్లో ఉండాడు, వాడి ముసిలోడు నా ఇంట్లో ఉండాడు. ముందు నువ్వు తెచ్చియ్యి అంటాడు వాడు. వాడు ముందు తేవాలంటా నేను. పొద్దున్నుంచి ఇద్దరం అట్లే కూర్చోనుండాము. ఎవురు ముందు తేవాల? దానికి రూలు ఏంది?"

అలాంటిది జరగొచ్చని నాకు తట్టనే లేదు. చిన్నాయన మంచినీళ్ళు కూడా ముట్టకుండా గుమ్మంలో నిలబడి ఉన్నాడు. మా నాయన అరుగు మీద ముందుకు వంగి, నేనేం చెబుతానో అని నా ముఖంలోకే చూస్తున్నాడు.